కాగితం పక్కన పెట్టండి... ఆట మొదలెట్టండి!

"నాటకమా? మనమా? వంటింట్లోంచి బయటపడడానికే తీరిక లేదు, ఇంక వేషాలు కూడానా?"

ఈ మాట మీరనకముందే నేను అనేశాను లెండి. కిందటేడు సంక్రాంతి వెళ్ళిన వారానికి మా కాలనీ ఆడవాళ్ళం అందరం కూర్చుని, ఉగాదికి ఏం చేద్దామా అని తలలు పట్టుకున్నాం. ముగ్గుల పోటీ అయిపోయింది, వంటల పోటీ అయిపోయింది, కుర్చీలాట ఆడీ ఆడీ కుర్చీలే విరిగాయి. "ఈసారి ఓ నాటిక వేద్దాం" అంది మా మహిళా మండలి ప్రెసిడెంటు వదిన. మాది కాకినాడ. ఎస్.వి.రంగారావుగారు, అంజలీదేవిగారు సినిమాల్లోకి వెళ్ళకముందు యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాల్లో వేషాలు కట్టిన ఊరు. ఆ సంగతి ఎత్తితే చాలు, మావాళ్ళకి ఎక్కడలేని పౌరుషం వచ్చేస్తుంది. సరే అనేశాం.

పెళ్ళిచూపుల కథ ఒకటి నేనే రాశాను. ఇంటర్‌తో చదువాపేసినదాన్ని, నాకు అంతకన్నా ఏం తడుతుంది? జిరాక్సులు తీయించి తలా ఒకటి పంచాం. రోజూ మధ్యాహ్నం మూడింటి నుంచి నాలుగున్నర దాకా, అంటే పిల్లలు స్కూలు నుంచి వచ్చేలోపల, కమ్యూనిటీ హాలు డాబా మీద రిహార్సలు.

ఏం రిహార్సలండీ బాబూ! కుళాయి దగ్గర గంటసేపు గుక్కతిప్పుకోకుండా మాట్లాడే మా పక్కింటి వదిన, చేతిలో కాగితం పెట్టగానే కొయ్యబొమ్మ అయిపోయింది. పెళ్ళివారు రాగానే నవ్వుతూ పలకరించాలి కదా. కాగితంలోకి చూస్తూ "కూర్చోండి అన్నయ్యగారూ, బ్రాకెట్లో, నవ్వుతూ" అని మొత్తం చదివేసింది! మిగతావాళ్ళం ఏమంత మెరుగు కాదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. పైట కొంగు మెలిపెట్టి మెలిపెట్టి ఒకావిడ కొంగుకి ముడే పడింది.

మా ఎదురింటి కోడలు శ్రీకాకుళం వైపు పిల్ల. పెళ్ళై రెండేళ్ళయింది. అత్తగారు వెళ్ళమంటే వచ్చింది. నాలుగు ముక్కలున్న చిన్న వేషం ఇచ్చాం. మొదటి మాటే "ఏమిటి వదినా" అని. తను "ఏటొదినా" అంది. అంతే, అందరం ఘొల్లుమన్నాం. దాచుకోవడం ఎందుకు, అందరికంటే ముందు నవ్వింది నేనే. ఆ పిల్లా మాతోపాటు నవ్వింది గానీ, మర్నాడు వచ్చి "నాకు డైలాగులొద్దండీ, మంచినీళ్ళు పట్టుకొచ్చే వేషం చాలు" అంది. ఒక్క అక్షరం కూడా తన యాస బయటపడకుండా, మా భాషలో.

నిజానికి అందరికంటే నాకే ఎక్కువ తెలియాలి ఆ బాధ. ఎనిమిదో తరగతిలో స్కూలు వార్షికోత్సవానికి ఝాన్సీరాణి వేషం కట్టి, అట్టకత్తి పైకెత్తి, రెండో డైలాగు మర్చిపోయాను. ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయింది. తెర వెనక టీచరు అన్న మాట ముందు రెండు వరసలకీ వినపడింది. ముప్ఫై ఏళ్ళు దాటినా, స్టేజీ అంటే ఇప్పటికీ నా అరచేతులు చెమటపడతాయి.

ఇలాంటి సమయంలో కంటి ఆపరేషన్ చేయించుకోవడానికని మా బాబాయి మా ఇంటికొచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారు. వయసులో ఉండగా పరిషత్తు నాటకాల్లో ఆడారు, స్కూలు పిల్లల చేత ఎన్నో నాటికలు వేయించారు. ఒకరోజు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని డాబా మీదకొచ్చి మా తంతు అంతా చూశారు. చివర్న నన్ను పిలిచి, "అమ్మాయ్, ఆ కాగితాలన్నీ పోగుచేసి బీరువాలో పెట్టి తాళం వెయ్యి. పదిరోజులు నాటకం లేదు. ఆటలే" అన్నారు.

బిందె బరువెంత?

మొదటి ఆట గాలిలో వస్తువు. చేతిలో ఏమీ ఉండదు, ఉన్నట్టు చెయ్యాలి. "నీళ్ళబిందె తీసుకురా" అన్నారు పక్కింటి వదినని. ఆవిడ రెండు చేతులూ ముందుకు చాచి గబగబా నడిచొచ్చి "ఇదిగో" అంది.

"అది అట్టపెట్టె తల్లీ. బిందె ఎక్కడెత్తుకుంటావు నువ్వు?"

"నడుం మీద."

"మరి నడుం ఏదీ?"

అప్పుడు మొదలైంది అసలు పని. నిండుబిందె చంకనెత్తుకుంటే ఒళ్ళు రెండో పక్కకి ఒరుగుతుంది. ఖాళీ చెయ్యి బరువు ఆపుకోవడానికి పక్కకి చాపుకుంటుంది. అడుగులు పొట్టివవుతాయి. గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతాం, నీళ్ళు తొణక్కుండా. దించేటప్పుడు మోకాళ్ళు వంగుతాయి. దించాక వేళ్ళు విడిపోతాయి, ఊపిరి బయటికొస్తుంది. మేం అందరం చేసిన తప్పు ఒకటే. బిందె కిందపెట్టాక వేళ్ళు విప్పకుండా అదే చేత్తో నుదురు తుడుచుకోవడం. "బిందెతో నెత్తిమీద కొట్టుకుంటున్నావమ్మాయ్" అన్నారు బాబాయి.

ఆయనిచ్చిన హోంవర్కు మీరూ చెయ్యొచ్చు. రాత్రి పాలు తోడుపెట్టేటప్పుడు కాస్త నిదానంగా, చేతులవంక చూసుకుంటూ చెయ్యండి. గిన్నె మూత ఎంత ఎత్తుకి లేచింది? చెంచా ఏ రెండు వేళ్ళ మధ్య ఉంది? వేడి చూడడానికి ఏ వేలు ముంచారు? అది అయిపోగానే, ఏమీ లేకుండా మళ్ళీ అదే పని ఉత్తచేతులతో చెయ్యండి. నాకైతే మొదటిసారి మూత ఎక్కడ పెట్టానో గుర్తులేదు. ఇరవై రెండేళ్ళుగా రోజూ చేస్తున్న పని!

మూకాభినయం అంటే ప్రపంచమంతా ముందుగా తలుచుకునేది ఫ్రాన్స్ దేశపు మార్సెల్ మార్సోని. 1923లో పుట్టి 2007లో పోయారు. తెల్లరంగు పూసుకున్న ముఖం, చారల బనీను, పువ్వు గుచ్చిన నలిగిన టోపీ. బిప్ అనే ఆ పాత్రని 1947లో తయారుచేసుకున్నారు. లేని గాలికి ఎదురు నడిచి చూపించేవారు, చూసేవాళ్ళకి చలేసేదట. రెండో ప్రపంచయుద్ధంలో యూదు పిల్లల్ని నాజీల కంటపడకుండా స్విట్జర్లాండ్ సరిహద్దు దాటించేటప్పుడు, వాళ్ళు నోరెత్తకుండా ఉండడానికి ఆయన ఈ మాటల్లేని విద్యనే వాడారు. అది విన్నాక ఈ ఆటల్ని "పిల్ల చేష్టలు" అనడం మానేశాను నేను.

దుప్పటి మడత

బిందె వచ్చాక ఇద్దరిద్దరు ఆడే ఆట. లేని దుప్పటి మడతపెట్టాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని, దులిపి, సగానికి మడిచి, దగ్గరికొచ్చి కొసలు అందించి, మళ్ళీ వెనక్కెళ్ళి... చెబితే ఇంతే. ఆడితే తెలుస్తుంది. ఒకావిడ దుప్పటి గజం వెడల్పు, ఎదుటావిడది రెండు గజాలు! ఒకావిడ దులుపుతుంటే రెండో ఆవిడ అప్పటికే మడతపెట్టేస్తోంది. బట్ట ఒకటే అయినప్పుడు నేను లాగితే నువ్వు ముందుకు రావాలి, నువ్వు వదులు చేస్తే నా చేతుల్లో అది వేలాడాలి. ఎదుటిమనిషి కళ్ళూ భుజాలూ చూడకపోతే ఇది చస్తే రాదు. మాకు నాలుగు రోజులు పట్టింది. తడిచీర చెరోవైపు పట్టుకుని పిండడం కూడా ఇలాంటిదే, అది ఇంకా తమాషాగా ఉంటుంది. మెలి ఇద్దరూ వ్యతిరేకంగా తిప్పాలి మరి!

అందరూ గుండ్రంగా కూర్చుని వస్తువు మార్చే ఆట కూడా బాగుంటుంది. మొదటావిడ సలసల కాగే గిన్నె పక్కావిడకి అందిస్తుంది. ఆవిడ దాన్ని అదే బరువుతో, అదే వేడితో అందుకుని, తన చేతుల్లో నెమ్మదిగా ఇంకోటిగా మార్చాలి. పసిపిల్లగానో, జారిపోయే చేపగానో. అందుకునేటప్పుడు మార్చకూడదు, అందుకున్నాకే. మాలో ఒకావిడ పసిపిల్లని అందుకుని ఠపీమని చీపురు చేసి ఊడ్చేసింది. పాపం ఆ పిల్ల తల్లి!

డంబ్ షరాడ్ ఆడితే సరిపోదా అని మీరు అడగొచ్చు. సినిమా పేరు సైగలతో చెప్పడం అందరికీ తెలిసిన ఆటే, పెళ్ళిళ్ళలో కాలక్షేపానికి బాగానే ఉంటుంది. కానీ నాటకానికి అది పెద్దగా పనికిరాదనిపించింది నాకు. అందులో ఎదుటివాళ్ళకి గుర్తులు చూపిస్తాం, అంతే. మన చేతిలో వస్తువు మనకే కనపడడం వేరు.

అద్దం ముందు పిన్నిగారు

ఇద్దరు ఎదురెదురుగా నిలబడాలి. ఒకరు మనిషి, ఒకరు అద్దం. మనిషి ఏం చేస్తే అద్దం అదే చెయ్యాలి. కుడిచెయ్యి ఎత్తితే అద్దంలో ఎడమచెయ్యి. ఇందులో కిటుకు ఏమిటంటే, అద్దాన్ని మోసం చెయ్యకూడదు. నీళ్ళలో కదిలినంత నెమ్మదిగా కదలాలి. మిగతావాళ్ళలో ఒకరు వెనక్కి తిరిగి నిలబడి, తర్వాత ఇటు తిరిగి, ఎవరు మనిషో ఎవరు అద్దమో పోల్చుకోవాలి. పోల్చుకోలేకపోతే ఆ జంట గెలిచినట్టు. కొన్నాళ్ళయ్యాక ఇద్దరిలో ఎవరూ ముందు కదలకూడదు. అయినా కదలాలి. ఎలాగో నన్నడక్కండి, వస్తుంది.

మా కాలనీలో పిన్నిగారొకరున్నారు. అరవైఐదేళ్ళు, హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. ఆవిడంటే మా ఆయనక్కూడా హడలే. బాబాయి కావాలనే ఆవిడని అద్దం చేసి, శ్రీకాకుళం పిల్లని మనిషిని చేశారు. ఆ పిల్ల మొదట కదల్లేదు. తర్వాత మెల్లగా వంగి కాటుక పెట్టుకుంది. పిన్నిగారూ పెట్టుకున్నారు. కళ్ళు పెద్దవి చేసి చూసుకుంది. పిన్నిగారూ చూసుకున్నారు. తర్వాత, ఇంట్లో ఎవరూ లేనప్పుడు అద్దంలో చూసుకునే ఆడపిల్ల చేసినట్టు, వెనక్కి తిరిగి జడ ఎంతవరకూ వచ్చిందో చూసుకుంది. ఆడవాళ్ళందరికీ తెలిసిన చూపు అది. పిన్నిగారు కూడా తల తిప్పి, లేని పొడుగుజడ చూసుకుని ముసిముసిగా నవ్వారు. ఆవిడలా నవ్వడం మేమెవరం చూసి ఎరగం.

ఆడుతున్నంతసేపూ బాబాయి పక్కనుంచి చిన్నగా చెబుతూనే ఉన్నారు. "వేళ్ళు చూడు", "తొందర లేదు", "కళ్ళు వదలకు". ఆట ఆపి తప్పు చెప్పడం ఆయనకి ఇష్టం ఉండదు. ఆపితే మనిషి మళ్ళీ ముడుచుకుపోతుందంటారు.

ఎక్కడి ఆటలివి?

డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి ఒకరోజు ఇవన్నీ చూసి, నెట్‌లో వెతికి చెప్పింది. బాబాయి వర్క్‌షాపుల్లో నేర్చుకున్న వీటిలో చాలా ఆటలు అమెరికాలో వయోలా స్పోలిన్ అనే ఆవిడ తయారుచేసినవట. 1906లో చికాగోలో పుట్టింది. ఆ ఊళ్ళో హల్ హౌస్ అని వలస వచ్చిన పేదవాళ్ళ కోసం నడిపే సేవాసంస్థ ఉండేది. నీవా బాయిడ్ అనే ఆవిడ అక్కడ ఆటలతో చదువు చెప్పేది, స్పోలిన్ ఆవిడ దగ్గర నేర్చుకుంది. తర్వాత తనే పిల్లలకీ పెద్దలకీ నాటకాలు నేర్పడానికి వెళ్తే, ఒక్కొక్కరిదీ ఒక్కో దేశం, ఒక్కో భాష. ఉపన్యాసం ఇస్తే ఎవరికి అర్థమవుతుంది? ఆట అయితే నియమం ఒక్కటి చెబితే చాలు. 1963లో ఆవిడ ఈ ఆటలన్నీ కలిపి పుస్తకం వేసింది. ఇప్పటికీ నాటకం నేర్పేవాళ్ళకి అది పెద్దబాలశిక్ష లాంటిదట. ఆవిడ కొడుకు పాల్ సిల్స్ కూడా కలిసి 1959లో చికాగోలోనే సెకండ్ సిటీ అనే నాటకశాల పెట్టారు. అప్పటికప్పుడు అల్లి ఆడే హాస్యానికి దానికి చాలా పేరుంది.

ఇదంతా విని బాబాయి, "మంచిదే. కానీ అప్పటికప్పుడు అల్లడం మనకేం కొత్తమ్మా?" అన్నారు. నిజమే. ఖాకీ కోటు, పాత టోపీ, కొయ్యతుపాకీతో ఊళ్ళోకి వచ్చే పిట్టలదొర మీలో కొందరికి గుర్తుండే ఉంటాడు. ఆ కోతలన్నీ ఎవరు రాసిస్తారు? ఎదురుగా ఏ ఇల్లు కనిపిస్తే ఆ ఇంటిమీద అల్లేయడమే. తోలుబొమ్మలాటలో బంగారక్క, కేతిగాడు మధ్యలో దూరి చేసే గొడవలో కూడా ఆ ఊరి సంగతులే వస్తాయి. ఇక సైగలంటారా, మన నాట్యశాస్త్రం చెప్పిన నాలుగు అభినయాల్లో మాటకి ఒక్కటే వాటా, వాచికం. మిగిలిన ఆంగికం, ఆహార్యం, సాత్వికం మూడింటికీ నోటితో పనిలేదు. మగవాడై ఉండి సత్యభామగా జనాన్ని ఊపేసిన స్థానం నరసింహారావుగారి సంగతి బాబాయి మొదలెడితే ఓ పట్టాన ఆపరు. "ఆ నడక, ఆ చూపు మీ ఆడవాళ్ళ దగ్గరున్నవే. మీకేమో చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీదు" అని దెప్పుతారు.

అర్థంలేని బేరం

ఆరోరోజు ఆట నాకు జీవితంలో మర్చిపోలేనిది. ఏ అర్థమూ లేని భాషలో మాట్లాడాలి. చిన్నప్పుడు క-భాష మాట్లాడుకునేవాళ్ళం చూడండి, అక్షరానికో "క" చేర్చి. అది పనికిరాదన్నారు బాబాయి, దానికి అర్థముంటుంది కాబట్టి. నోటికొచ్చిన శబ్దం, అంతే. కానీ ఎదుటివాళ్ళకి విషయం తెలియాలి.

పాతచీరలకి స్టీలు సామాన్లిచ్చే మనిషి వేషం శ్రీకాకుళం పిల్లకి. కొనే ఇల్లాలిని నేను. ఆ పిల్ల లేని గంప నెత్తిమీంచి దించి, చుట్టకుదురు తీసి మెడ తుడుచుకుని, "బలికా తుంబరూ... జిమ్మలేకిటీ!" అని ఒక్క కేక పెట్టింది. డాబా కింద ఉన్న వాచ్‌మన్ పైకి తొంగిచూశాడు! నేను నా చీర ఇచ్చాను. దాన్ని వెలుతురుకెత్తి, కొస నుంచి కొసదాకా పరీక్షగా చూసి, ఒకచోట ఆగి, లేని చిరుగులోంచి వేలు బయటికి పెట్టి, ఆ చిరుగులోంచే నావంక చూసింది. నమ్మండి, నాకు సిగ్గేసింది! లేని చీరకి, లేని చిరుక్కి! కోపం వచ్చి, ఏ భాషో తెలీకుండా, ఆ చీర మా పుట్టింటివాళ్ళు పెట్టిందని దెబ్బలాడాను. చివరికి ఓ చిన్న గిన్నె ఇచ్చి, నా మొహం చూసి జాలిపడి, పైన ఒక చెంచా వేసింది. నవ్వలేక అందరికీ కడుపుబ్బిపోయింది. పిన్నిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

అందులో యాసేదీ? ఏ జిల్లా అని ఎవరు పట్టుకుంటారు?

మెట్లు దిగుతుంటే నేనే అన్నాను. "ఆ రోజు నవ్వాం, తప్పే చేశాం. మనసులో పెట్టుకోకు." ఆ పిల్ల నావంక చూసి, మొదటిసారి తన భాషలో మాట్లాడింది. "ఒగ్గీ అప్పా. మీ మాట ఇంటే మా ఊర్లో గుంటలు కూడా నవ్వుతారు." అప్ప అంటే వాళ్ళవైపు అక్క.

ఏనుగు ఉందా, లేదా?

ఇక మాటలతో అప్పటికప్పుడు అల్లే ఆట. దీనికి ఒకే నియమం, ఎదుటివాళ్ళు చెప్పినదాన్ని కాదనకూడదు. ఔనని, దానికి ఇంకో ముక్క కలపాలి. పక్కింటి వదిన వచ్చి "ఏమండీ, మీ పెరట్లో ఏనుగుందటగా?" అంది. ప్రెసిడెంటు వదిన ఠక్కున "మా ఇంట్లో ఏనుగేమిటి, లేదే" అంది. అయిపోయింది ఆట! ఇద్దరూ మొహాలు చూసుకుంటూ నిలబడ్డారు. మళ్ళీ ఆడించారు. "ఉందండీ, నిన్న వచ్చింది. ఆవకాయ జాడీ చూపించాక ఇంక కదలనంటోంది." "అయ్యో, మరి నెయ్యి వేశారా?" "వేశాం, చెవులు ఎర్రబడితేనూ..." ఇంక వాళ్ళని ఆపడం మావల్ల కాలేదు.

మాకు "కాదు, కుదరదు, ఎక్కడవుతుంది" అనడం ఎంత అలవాటో అప్పుడు తెలిసింది. అలాగని ఇంటికెళ్ళి ప్రతిదానికీ ఔననమని కాదు సుమండీ! ఈ నియమం డాబా మీదే. ఇంట్లో కాదనాల్సిన చోట కాదనాల్సిందే.

"ఎక్కడున్నాం" ఆట కూడా వదలకండి. ఒకరు వచ్చి చోటు పేరు చెప్పకుండా ఏదో చేస్తుంటారు. తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కలవాలి. రేషన్‌షాపు, ఆసుపత్రి ఓపీ, రైలొచ్చే ముందు ప్లాట్‌ఫాం. మనకి తెలియని చోట్లా? చిన్నప్పటి స్టాట్యూ ఆటనే కాస్త మార్చి, మధ్యలో చప్పట్లు కొట్టి ఆపి, ఒకరి స్థానంలో ఇంకొకరు అదే భంగిమలో నిలబడి వేరే కథ మొదలెట్టడం ఇంకొకటి. మా చివరి మూడురోజులూ వీటితోనే గడిచాయి.

మీ పేటలో మొదలుపెడదామంటే నాలుగు సంగతులు. ఆరుగురి నుంచి పన్నెండుమంది దాకా అయితే ఆట నడుస్తుంది, మించితే రెండు జట్లు చేయండి. ఒక్కో ఆట పదిహేను, ఇరవై నిమిషాలు మించనివ్వకండి, ఇంకా ఆడాలని ఉండగానే ఆపాలి. నేల తడి లేకుండా చూసుకోండి, చెప్పులు విప్పి, కొంగు దోపుకోండి. మోకాళ్ళ నొప్పులవాళ్ళు కుర్చీలో కూర్చుని కూడా అద్దం ఆట, వస్తువు ఆట ఆడొచ్చు. సెల్‌ఫోన్లన్నీ ఒక బుట్టలో వేయించండి. ఎవరికీ మార్కులు వేయకండి. ఒకరి అవిటితనాన్నీ నత్తినీ రంగునీ అనుకరించి నవ్వించడం మాత్రం మొదటిరోజే వద్దనెయ్యాలి. యాస కూడా ఆ లెక్కలోదే అని మేం ఆలస్యంగా నేర్చుకున్నాం. చూస్తూ కూర్చుంటానన్నవాళ్ళని బలవంతం చెయ్యకండి. మూడోరోజుకి వాళ్ళే లేస్తారు.

ఉగాది సాయంత్రం

పదిరోజులయ్యాక బీరువా తాళం తీశాం గానీ, నా కాగితాలు ఎవరికీ అక్కర్లేకపోయింది. కథ అదే. మాటలు ఎవరికి తోచినవి వాళ్ళు పెట్టుకున్నారు. (నాకు కాస్త ఉక్రోషం వచ్చిందనుకోండి, రెండు రాత్రులు కూర్చుని రాశాను మరి!) స్టేజీ మీద నాలుగు కుర్చీలు తప్ప ఏ సామానూ లేదు. ట్రే లేదు, కప్పులు లేవు, తలుపు కూడా లేదు, తీసుకోవడమే. పెళ్ళికూతురి తల్లి వేషం నాది. మంచినీళ్ళ పిల్ల కాస్తా పెళ్ళికూతురి పిన్ని అయింది, తన యాసతోనే. ఆ పిన్ని ఊరు శ్రీకాకుళం అని మార్చుకున్నాం.

ఆ సాయంత్రం రెండు వందల మంది దాకా వచ్చారు. పచ్చడి పంపకం అయ్యాక మా నాటిక. సగం బాగానే నడిచింది. నేను కాఫీ ట్రే పట్టుకుని వచ్చాను. పెళ్ళికొడుకు తండ్రి వేషంలో ఉన్న పక్కింటి వదిన ఏదో అడిగింది. నా నోట్లోంచి మాట లేదు. ఏం అడిగిందో కూడా వినపడలేదు. ఝాన్సీరాణి కత్తి కళ్ళముందు కనిపించింది. చేతులు మాత్రం ట్రేని పట్టుకునే ఉన్నాయి, ఒక్క కప్పు కూడా ఒలకలేదు. అదొక్కటే నాకు తెలుస్తోంది.

శ్రీకాకుళం పిల్ల లోపల్నుంచి వచ్చింది. అసలు తను రావాల్సిన చోటు కాదది. నా ఎదురుగా నిలబడి, కళ్ళలోకి చూసి, రెండు చేతులతో ట్రే అందుకుంది. బరువుకి తన మోచేతులు కాస్త కిందికి దిగాయి, నావి తేలికపడ్డాయి. "ఏటప్పా, పంచదార ఎయ్యనేదని ఇప్పుడు గుర్తొచ్చినాదేటి? ఆళ్ళు కట్నం ఎంతని అడగతన్నారు. పంచదార సంగతి తరవాత సూద్దుం, ముందు దానికి జవాబు సెప్పు!" అంది.

జనం పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపల నాకు మాట దొరికింది. నేను రాసిన డైలాగు కాదు. ఏమన్నానో సరిగ్గా గుర్తులేదు గానీ, కట్నానికి బదులు మా పెరట్లో ఉన్న ఏనుగుని ఇస్తానన్నానట. పెళ్ళికొడుకు తండ్రి కాదనకూడదు కదా! "ఆవకాయ తినేదేనా?" అని అడిగింది పక్కింటి వదిన. ఆ తర్వాత నాటిక ఎటు పోయిందో, పెళ్ళి ఎలా కుదిరిందో మాకే తెలీదు.

దిగి వస్తుంటే ఎదురింటి అత్తగారు ముందు వరసలోంచి లేచి నా దగ్గరికొచ్చారు. "మా ఇంట్లో రెండేళ్ళుగా ఇన్ని మాటలు మాట్లాడలేదండీ ఇది" అన్నారు. పొగిడారో, తప్పుపట్టారో ఆ క్షణాన నాకు అర్థం కాలేదు.

బాబాయి కన్ను బాగయి ఊరికెళ్ళిపోయారు. మేం బుధవారం బుధవారం ఇప్పటికీ ఆడుతూనే ఉన్నాం. నెల తిరక్కుండానే ఆ అత్తగారు కూడా డాబా ఎక్కారు, ఊరికే చూడడానికని. మూడో బుధవారం కోడలి ఎదురుగా అద్దం ఆటకి నిలబడ్డారు. ఎవరూ ముందు కదలకూడని ఆట. మొదట చాలాసేపు ఇద్దరూ కొంగులు సర్దుకున్నారు. తర్వాత రెండు చేతులు మెల్లగా లేచాయి, రెండు తలలు పక్కకి వంగాయి, ఇద్దరూ ఒకేసారి అటు తిరిగి జడలు చూసుకున్నారు. వెనక్కి తిరిగి నిలబడ్డ పిన్నిగారు ఇటు తిరిగి, కళ్ళజోడు సర్దుకుని, ఎంతసేపు చూసినా పోల్చుకోలేకపోయారు. ఎవరు ముందు కదిలారని అడిగితే అత్తగారు కోడలంటారు, కోడలు అత్తగారంటుంది.